తెలుగు చెప్పడం నేర్చుకోవాలంటే ముందు పిల్లల పక్కన కూచుని వినాలి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. కడపలో బీఈడీ చేస్తున్నాను, మెథడాలజీ తెలుగు. తోటి ట్రైనీల ముందు చిన్న పాఠం చెప్పే మైక్రో టీచింగ్‌లో బాగా చేశావన్నారు. కానీ స్కూల్లో మొదటి పాఠం చెప్పేసరికి పిల్లలు బొమ్మల్లా కూచున్నారు. ఆరో తరగతిలో సగం మందికి చదవడమే రాదు. పరిశీలనకు వచ్చిన మేడం ‘యాస మార్చుకోవాలి’ అని రాశారు. బయటి దేశాల వీడియోల్లో లాంగ్వేజ్ ఆర్ట్స్ అంటూ ఏవేవో చూపిస్తున్నారు, అవి మన స్కూళ్ళలో కుదురుతాయా? వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నిజంగా ఎలా నేర్పాలి? నేనెక్కడ మొదలుపెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ‘సగం మందికి చదవడమే రాదు’ అన్న మాట. మొదటి పాఠంలోనే అది మీ కంటపడింది. మాలో చాలామందికి కంటపడటానికి ఏళ్ళు పట్టింది. కొత్తలో క్లాసులో నిలబడినప్పుడు ధ్యాసంతా మన మీదే ఉంటుంది. గొంతు సరిగ్గా వస్తోందా, బోర్డు మీద రాత వంకర పోతోందా, ప్లాన్‌లో రాసుకున్న ప్రశ్నలన్నీ అడిగామా, వెనక బెంచీలో కూచున్న మేడం ఏం రాసుకుంటున్నారు, ఇదే గోల. పిల్లలేం చేస్తున్నారో చూడటానికి తీరికే ఉండదు. మీరు చూశారు. నేను చెప్పబోయేదంతా ఆ చూపును పెంచుకోవడం గురించే.

నాది పులివెందుల దగ్గర పల్లె. 1998 డీఎస్సీలో తెలుగు పండిట్‌గా ఉద్యోగమొచ్చింది, ఉమ్మడి అనంతపురం జిల్లాలో. కదిరి వైపు కొన్నేళ్ళు, రాయదుర్గం వైపు కొన్నేళ్ళు చేసి, ఇప్పుడు ధర్మవరం దగ్గర పనిచేస్తున్నాను. తండా పిల్లలకూ, ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకూ, ఉర్దూ మాట్లాడే పిల్లలకూ తెలుగు చెప్పాను. ఇంటర్న్‌షిప్‌కు మా స్కూలుకు వచ్చే మీలాంటి వాళ్ళకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. తెలుగు చెప్పేవాళ్ళకు అన్నిటికంటే ముందు రావలసిన విద్య వినడం. పిల్లవాడు మాట్లాడుతుంటే వినడం, చదువుతుంటే వినడం, వాడు రాసింది దిద్దుతున్నప్పుడు కూడా అందులో వాడి గొంతు వినడం. పాఠం వివరించడం చెప్పగా చెప్పగా వచ్చేస్తుంది. వినడం మాత్రం పట్టుబట్టి నేర్చుకోవాలి.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఒకటి ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది. ఏడో తరగతి, చెరువు గురించిన పాఠం. ‘మీ ఊరి చెరువు గురించి ఎవరైనా చెప్పండి’ అన్నాను. ఎప్పుడూ నోరెత్తని ఒక పిల్లవాడు లేచాడు. ‘మా నాయన దినామూ ఎనుముల్ని తోలుకోని చెరువుకాడికి పోతాండె మేడం, ఇప్పుడు నీళ్ళు ల్యావు’ అన్నాడు. నేను వెంటనే ‘పోతాండె కాదు, వెళ్తుండేవారు అనాలి. ల్యావు కాదు, లేవు’ అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు కూచున్నాడు. ఆ ఏడాది మళ్ళీ నా క్లాసులో నోరు విప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఒక్క వాక్యంలో ఎంత ఉందో కనిపిస్తుంది. అప్పటి సంగతినీ ఇప్పటి సంగతినీ పోల్చాడు, వాళ్ళ నాన్న పని చెప్పాడు, ఊరి కరువు చెప్పాడు. ‘విద్యార్థి తన అనుభవాన్ని సొంతంగా వ్యక్తీకరిస్తాడు’ అని నేను పాఠ్య పథకంలో రాసుకున్న లక్ష్యాన్ని వాడు అక్కడికక్కడే సాధించి చూపించాడు. నాకు వినపడింది ‘పోతాండె’ ఒక్కటే.

మీ పిల్లలు బొమ్మల్లా ఎందుకు కూచున్నారో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది. జవాబు పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగితే పిల్లలు పేజీలు తిప్పుతారు, లేదా ఎప్పుడూ చెప్పే ఆ ఇద్దరు చెబుతారు. వాళ్ళకే తెలిసి మీకు తెలియని సంగతి అడగండి. మీ ఊళ్ళో పీర్ల పండగకు ఏం చేస్తారు, బోరులో నీళ్ళు ఎన్ని అడుగులకు పడ్డాయి, నిన్న ఇంట్లో ఎవరు ఎవరితో పోట్లాడుకున్నారు, ఇట్లాంటివి. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోండి. మొదట్లో ఆ పది లెక్కలు చాలా భారంగా ఉంటాయి, క్లాసు చెయ్యి జారిపోయిందేమో అనిపిస్తుంది. జారిపోదు. ఇంకో పద్ధతి, అందరి ముందూ చెప్పమనే ముందు పక్కన కూచున్నవాళ్ళతో ఒక నిమిషం మాట్లాడుకోనివ్వండి. ఒకసారి నోట్లో ఆడిన మాట లేచి చెప్పడానికి అంత భయం ఉండదు. ఆ నిమిషంలో మీరు బోర్డు తుడవకుండా బెంచీల మధ్య నడుస్తూ వినండి. ఎవరి దగ్గర మంచి మాట వినపడిందో గుర్తుపెట్టుకుని వాళ్ళనే లేపండి. చెప్పింది సరిగ్గా ఉందని ముందే తెలుసు కాబట్టి వాళ్ళకు పరువు పోదు.

ఇక చదవడం. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

బీఈడీ చేసినవాళ్ళం వెళ్ళేది ఆరు నుంచి పదో తరగతి దాకా. అక్షరాలు, గుణింతాలు ప్రైమరీ వాళ్ళ పని, మన పని పాఠం అనుకుంటాం. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. లక్ష్యం మంచిదే. కానీ అక్కడికి చేరకుండానే ఆరో తరగతికి వచ్చిన పిల్లవాడు మీ ముందు కూచుని ఉంటే వాణ్ణి వెనక్కి పంపలేరు. కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు మిరప కోతలకూ పత్తి తీతకూ గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లలూ వెంట పోతారు. నెలల తరబడి బడి ఉండదు. అట్లాంటి పిల్లవాణ్ణి ‘వీడికి చదువు రాదు’ అనడం అన్యాయం. వాడు ఎక్కడ ఆగాడో అక్కడే ఉన్నాడు. ఆ ఆగిన చోటు కనుక్కోవడం మన పని.

ఎట్లా కనుక్కోవాలో చెబుతాను. వాళ్ళు ఇంతకుముందు చదవని చిన్న గద్యం ఒకటి, 100 మాటలకు మించకుండా, తీసుకోండి. రెండు ప్రతులు. ఒకటి పిల్లవాడి చేతిలో, ఒకటి మీ చేతిలో. వరండాలో, మిగతా పిల్లలకు వినపడనంత దూరంలో, వాడికి ఎదురుగా కాకుండా పక్కన కూచోండి. సరిగ్గా చదివిన మాట మీద చిన్న టిక్కు పెట్టండి. తప్పు చదివితే ఆ మాట మీద వాడు ఏమన్నాడో అన్నది అన్నట్టే రాయండి. తనంతట తను దిద్దుకుంటే ‘స్వ’ అని రాయండి. ఆగిపోతే ఒక గీత. మధ్యలో మాట అందించకండి, ముఖం చిట్లించకండి. పూర్తయ్యాక ‘ఇందులో ఏం జరిగింది నాయనా?’ అని ఒక్క ప్రశ్న వెయ్యండి. ఇట్లా గుర్తులు పెట్టుకునే పద్ధతిని తయారుచేసింది న్యూజిలాండ్‌కు చెందిన మేరీ క్లే అనే విద్యావేత్త. ఆమె చేసింది ఇంగ్లిష్ చదివే పిల్లల కోసం. నేను మన లిపికి తగ్గట్టు కొంచెం మార్చుకున్నాను. ఒక్కొక్కరికి మూడు, నాలుగు నిమిషాలు చాలు. రోజుకు ఐదుగురి చొప్పున 40 మంది క్లాసు ఎనిమిది రోజుల్లో అయిపోతుంది.

ఆ కాగితాలు చదవడంలోనే అసలు పని ఉంది. ఒక సంగతి చెబుతాను. ఒకే రోజు ఇద్దరు పిల్లలు ‘చెరువు’ అన్న మాట దగ్గర తప్పు చదివారు. అమ్మాయి దాన్ని ‘కుంట’ అని చదివి ఆగకుండా ముందుకు పోయింది. అబ్బాయి ‘చెరుపు’ అని చదివి, వాడూ ఆగకుండా ముందుకు పోయాడు. మార్కులేసే లెక్కలో ఇద్దరిదీ ఒక తప్పే. కానీ ఆ అమ్మాయి పక్కనున్న బొమ్మ చూసి అర్థం పట్టుకుంది, అక్షరాలు చూడలేదు. అబ్బాయి అక్షరాలు దగ్గరదగ్గరగా చూశాడు, ‘వ’ను ‘ప’ అనుకున్నాడు, వచ్చిన మాటకు అక్కడ అర్థం ఉందా అని చూసుకోలేదు. అమ్మాయికి బొమ్మ మూసి, మాట మీద వేలు పెట్టి, ‘ఇది కుంటే అయితే మొదటి అక్షరం ఏముండాలి?’ అని అడగాలి. అబ్బాయికి ఆ వాక్యం మళ్ళీ చదివించి, ‘చెరుపులో నీళ్ళుంటాయా?’ అని అడగాలి. ఇద్దరినీ కలిపి ‘బాగా చదవండి’ అంటే ఇద్దరికీ ఏమీ అందదు.

మన లిపిలో మీరు మళ్ళీ మళ్ళీ చూడబోయే చిక్కు ఇంకొకటి ఉంది. క గుణింతం మొత్తం గడగడా అప్పజెప్పే పిల్లవాడికి ‘కొ’ ఒక్కటే రాసి చూపించండి. పెదాలు కదుపుతూ క, కా, కి, కీ నుంచి మెట్లెక్కుతూ వచ్చి అక్కడ ఆగుతాడు. వాడికి పాట వచ్చు, గుర్తు రాదు. అట్లాంటి వాళ్ళకు గుణింతాల చార్టు మళ్ళీ బట్టీ పట్టించడం దండగ. కొన్ని హల్లులు, కొన్ని గుణింతపు గుర్తులు తీసుకుని కలిపి మాటలు కట్టించండి. కోడి, మేక, కొడవలి, చేను, వాళ్ళు రోజూ అనే మాటలే. ఒత్తులూ అంతే. ‘అ, మ, మకు మ ఒత్తు, అమ్మ’ అని ముక్కలుగా చదివే అలవాటు పడిన పిల్లలు మాట చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. ఒత్తు పేరు చెప్పించకుండా మాటను మాటగా పలికించాలి.

నిపుణ్ భారత్ లెక్కలో ఉన్న 60 పదాల గురించి కూడా ఒక మాట. తెలుగులో ‘చదువుకోవాల్సివచ్చింది’ అన్నది ఒకే మాట. ‘ఇల్లు’ కూడా ఒకే మాట. కాబట్టి వేగం లెక్కపెట్టేటప్పుడు గడియారం ఒక్కదాన్నే నమ్మకండి. పొడుగు మాటలు వచ్చినప్పుడు ‘చదువుకో, వాల్సి, వచ్చింది’ అని ఎక్కడ విరిచి ఊపిరి తీసుకోవాలో నేర్పండి. ఇది నేర్పితే నెమ్మదిగా చదివే పిల్లల్లో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది. చదవడం అలవాటు కావడానికి మన గవర్నమెంట్ స్కూళ్ళలో ఇచ్చే రెండు భాషల సైన్సు, సోషల్ పుస్తకాలు కూడా బాగా పనికొస్తాయి. ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు. ఆ తెలుగు పేజీని మీ పీరియడ్‌లో చదివించండి. సైన్సు టీచరు కూడా సంతోషిస్తారు.

మాట్లాడటం, వ్యాకరణం మనం వేరువేరుగా చూస్తాం. నాకైతే అవి కలిసినచోటే మంచి పాఠాలు దొరికాయి. ఆ చెరువు పిల్లవాడి సంగతి జరిగాక, మరుసటి ఏడాది నుంచి గోడ మీద పెద్ద చార్టు ఒకటి పెడుతున్నాను. రెండు గడులు, ‘ఇంటి మాట’, ‘పుస్తకం మాట’. నింపేది పిల్లలే. మొదట వస్తువుల పేర్లు వస్తాయి. బుడ్డలు, శెనక్కాయలు ఒక పక్క, వేరుశనగ ఇంకో పక్క. ఎర్రగడ్డ, ఉల్లిపాయ. ఉర్లగడ్డ, బంగాళాదుంప. బొరుగులు, మరమరాలు. ఎనుము, గేదె. నాలుగైదు రోజులకు క్రియలు మొదలవుతాయి. పోతాండా, పోతున్నాను. చేస్తాండారు, చేస్తున్నారు. ఒక ఏడాది ఎనిమిదో తరగతి అమ్మాయి చార్టు ముందు చాలాసేపు నిలబడి, ‘మేడం, తాండా ఉన్నచోటంతా తున్నా పెడితే సరిపోతాది’ అంది. వెనక నుంచి ఒక పిల్లవాడు ‘మరి తింటాండాడుకు?’ అన్నాడు. ఇద్దరూ వాదించుకుని ‘టాండా’ ఉంటే ‘టున్నా’ అని తేల్చారు. వర్తమాన కాలం గురించి నేను బోర్డు మీద రాసి చెప్పి ఉంటే ఆ పీరియడ్ అయ్యేలోపే మరిచిపోయేవాళ్ళు. వాళ్ళే కనిపెట్టిన సూత్రం కాబట్టి పరీక్షలో కూడా తప్పలేదు. ఇంటి మాట తప్పు అని ఆ చార్టులో ఎక్కడా ఉండదు. ఏ మాట ఎక్కడ వాడాలో మాత్రం ఉంటుంది. ‘ఉత్తరంలో హెడ్మాస్టరుకు ఏది రాస్తావు, మీ అవ్వకు ఫోన్లో ఏది చెబుతావు?’ అంటే పిల్లలు తడుముకోకుండా చెబుతారు.

ఇంట్లో తెలుగే లేని పిల్లలు మీకు తప్పకుండా వస్తారు. కడపలో, కర్నూల్లో ఉర్దూ ఇళ్ళు, ఆదోని, రాయదుర్గం వైపు కన్నడం ఇళ్ళు, కదిరి వైపు తండాలు. వీళ్ళు ‘వెనకబడినవాళ్ళు’ అని లెక్క కట్టేముందు వాళ్ళ దగ్గర ఏముందో చూడండి. మన తెలుగు పిల్లలకు ద, ధ తేడా, బ, భ తేడా పలకడం ఎంత కష్టమో మీకు తెలుసు, మాటల్లో ఆ తేడా దాదాపు పోయింది. ఉర్దూలో, లంబాడీలో ఒత్తు పలుకులు ఇంట్లో రోజూ నోట్లో ఆడతాయి. ‘భ’ ఎట్లా పలకాలో ఆ పిల్లల చేత క్లాసుకు చెప్పించాను. తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆరోజు మొదటిసారి బోర్డు దగ్గరకు వచ్చి నిలబడింది. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా ఏటా జరుపుకుంటాం, వాడుక భాష కోసం పోరాడారని ఉపన్యాసాలు ఇస్తాం. పర్లాకిమిడిలో పనిచేస్తూ ఆయన సవర అనే గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలని ముందు తనే సవర భాష నేర్చుకున్నారన్న సంగతి ఆ రోజున పిల్లలకు చెప్పండి. మీరూ మీ క్లాసులో ఉన్న ఇంకో భాషలో కనీసం యాభై మాటలు నేర్చుకోండి. పిల్లలే నేర్పుతారు. మీరు తప్పు పలికితే సరిచేస్తారు. నేర్చుకునేవాళ్ళ కష్టం ఏమిటో అప్పుడు మీకూ కొంత తెలుస్తుంది.

రాయడం దగ్గర మనం పిల్లలకు చాలా తక్కువ ఇస్తున్నాం. చూచిరాత ఉంటుంది, ఉక్తలేఖనం ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా ‘సొంత మాటల్లో రాయండి’ అంటాం. మధ్యలో మెట్లు లేవు. అందుకే గైడులో ఉన్న జవాబు బట్టీ పట్టి రాస్తారు. పరీక్షలో వ్యక్తీకరణ, సృజనాత్మకత అన్న భాగానికి కూడా అదే రాస్తారు, మనం మార్కులు వేస్తాం. ఆ మెట్లు మీరు కట్టాలి. నేను చేసేది ఇది. ముందు మాట్లాడిస్తాను. వాళ్ళు చెబుతుంటే పనికొచ్చే మాటలు వాళ్ళన్నవే బోర్డు మీద రాస్తాను. తర్వాత ఐదు వాక్యాలు రాయమంటాను, ఎక్కువ వద్దు. పక్కవాళ్ళకు చదివి వినిపించమంటాను. విన్నవాళ్ళు ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు కలిపి మళ్ళీ రాయాలి. ఒకమ్మాయి మొదట ‘మా అవ్వ ఊరిబిండి చేసింది. చాలా బాగుంది’ అని రాసింది. పక్కనున్న పిల్ల ‘బాగుందని నీకెట్ల తెలిసె?’ అని అడిగింది. రెండోసారి ఆ అమ్మాయి ఇట్లా రాసింది: ‘మా అవ్వ రోట్లో ఊరిబిండి నూరింది. కారం ఎక్కువైంది. తమ్ముడు ఏడుస్తానే ఇంకొంచెం పెట్టమన్నాడు.’ మూడు వాక్యాల్లో ‘బాగుంది’ అన్న మాటే లేదు. రెండు దీర్ఘాలు తప్పాయి, ఒక చోట ఒత్తు పోయింది. నేను ఆరోజు అవి ముట్టుకోలేదు.

దిద్దడం గురించి మీకు ఎవరూ చెప్పని మాట ఒకటి. ప్రతి తప్పు కిందా ఎర్ర గీత గీస్తే పిల్లలు తప్పులు తగ్గించరు, రాయడం తగ్గిస్తారు. తెలిసిన చిన్న మాటలే వాడి తప్పించుకుంటారు. వారానికి ఒకటే తీసుకోండి. ఈ వారం దీర్ఘాలు, వచ్చే వారం ల, ళ. మిగతావి కనపడినా వదిలెయ్యండి. 40 నోటు పుస్తకాలు దిద్దడానికి పట్టే టైం కూడా తగ్గుతుంది. ఆ మిగిలిన టైంలో ప్రతి పుస్తకంలో ఒక్క వాక్యం, పిల్లవాడు రాసిన సంగతి గురించి, రాయండి. ‘మీ తమ్ముడికి ఇప్పుడు కారం అలవాటైందా?’ అని నేను రాశాను. మరుసటి వారం ఆ అమ్మాయి అరపేజీ రాసుకొచ్చింది.

పద్యం చెప్పేటప్పుడు అర్థంతో మొదలుపెట్టకండి. ముందు రెండుసార్లు వినిపించండి, పుస్తకాలు మూసి. వేమన పద్యమైతే ఇంకా సులువు, ఆయన మన నేలవాడే, కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉంది, మా పిల్లల్లో కొందరు చూసొచ్చారు కూడా. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే అని పుస్తకంలో ఉంటుంది. పిల్లలు గణానికో చప్పట కొడుతూ నాలుగు పద్యాలు పాడితే ఆ తేడా చేతులకే తెలిసిపోతుంది. గురువు, లఘువు గుర్తులు తర్వాత పెట్టించండి.

మీరడిగిన వీడియోల సంగతి. అమెరికా స్కూళ్ళలో లాంగ్వేజ్ ఆర్ట్స్ అంటే చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం అన్నీ ఒకే సబ్జెక్టుగా కలిపి నేర్పడం. మనం గద్యం, పద్యం, ఉపవాచకం, వ్యాకరణం అని ముక్కలు చేసుకున్నాం. వాళ్ళ నుంచి తీసుకోవలసింది ఆ కలపడం. రంగురంగుల క్లాసురూములు, మూల మూలకూ పుస్తకాల అరలు చూసి దిగులు పడకండి. థర్మోకోల్ మోడళ్ళకు, స్కెచ్ పెన్నులకు మీరు పెట్టే డబ్బులతో కొనలేనివి ఊళ్ళో ఊరికే దొరుకుతాయి. విత్తనాల సంచీ మీది అచ్చు, పెళ్ళి పత్రిక, గోడ మీద రాతలు, బస్సు బోర్డులు. చదవడం కష్టంగా ఉన్న పిల్లలతో నేను బస్టాండులో ఒక గంట గడిపాను. కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు. ‘జమ్మలమడుగు’ను ఎవరి సాయం లేకుండా చదివిన పిల్లవాడు ఆ బస్సు కదిలేదాకా బోర్డు చూస్తూనే ఉన్నాడు.

పాఠ్య పథకం రాయాలి, రికార్డు రాయాలి, సంతకాలు కావాలి, అవి తప్పవు. ఒక్క మార్పు చేసుకోండి. ‘విద్యార్థులు అవగాహన చేసుకుంటారు’ అని రాసిన చోట, ఆ పీరియడ్ అయ్యేసరికి పిల్లవాడి నోటినుంచి లేదా పెన్ను నుంచి ఏం రావాలో అది రాయండి. ‘పాఠంలోని ఒక సంఘటనను రెండు వాక్యాల్లో పక్కవాడికి చెబుతాడు’ అని రాశారనుకోండి, జరిగిందో లేదో బెల్లు కొట్టకముందే మీకు తెలుస్తుంది. రెండేళ్ళ బీఈడీలో ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు. మొదటి ఏడాదిలో వచ్చే నాలుగు వారాలు పాఠాలు చెప్పెయ్యాలన్న తొందర పెట్టుకోకండి. సీనియర్ టీచరు పాఠం చెబుతుంటే వెనక కూచుని టీచరును కాదు, ఇద్దరు పిల్లల్ని మాత్రమే చూడండి. ఎప్పుడు తలెత్తారు, ఎప్పుడు కిటికీలోకి చూశారు, ఏ ప్రశ్నకు పెదాలు కదిపి ఊరుకున్నారు, నిమిషాలతో సహా రాసుకోండి. టెట్, డీఎస్సీ కోచింగు వేరే పని. టెట్‌కు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ఆ చదువు చదవాల్సిందే. కానీ ఆ బిట్ల చదువునే బోధన అనుకుని క్లాసులోకి తీసుకెళ్ళకండి.

మీరు కడపలోనే ఉన్నారు కాబట్టి ఒక చోటికి తప్పక వెళ్ళండి. ఎర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్‌కు తెలుగు పరాయి భాష. తాళపత్రాలు, చేతిరాత ప్రతులు తెప్పించి, పండితుల్ని పెట్టుకుని, ఒక ప్రతిలో ఒకలా ఇంకో ప్రతిలో ఇంకోలా ఉన్న పాఠాలను సరిపోల్చి రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, 1852లో తెలుగు ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు. అక్కడ కూచుని నిఘంటువులో మీ అవ్వ మాటలు వెతకండి. తప్పని మనం కొట్టేసే మాటలు ఎన్ని అందులో దర్జాగా ఉన్నాయో చూస్తే మీ యాస మీద మీకే గౌరవం కలుగుతుంది. రోజూ ఇరవై పేజీలు తెలుగు చదవండి, పరీక్షకు సంబంధం లేనివి. అరపేజీ రాయండి. తను రాయని టీచరు పిల్లల చేత రాయించడం కష్టం, ఎక్కడ పెన్ను ఆగుతుందో ఆమెకు గుర్తుండదు.

ఇక యాస. మేడం రాసిన మాటను పూర్తిగా పక్కన పెట్టకండి. మీరు ఆదర్శ పఠనం చేసేటప్పుడు, అంటే పాఠం ముందు మీరే చదివి వినిపించేటప్పుడు, పుస్తకం భాష పుస్తకంలో ఉన్నట్టే స్పష్టంగా పలకాలి. శ, ష, స తేడా, న, ణ తేడా, ల, ళ తేడా పిల్లలు మీ నోటినుంచే వినాలి, వాళ్ళకు వేరే చోటు లేదు. రాత్రిపూట ఒక పేజీ ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. నెలరోజుల్లో సరవుతుంది. కానీ పిల్లలతో మాట్లాడేటప్పుడు మీ మాట మార్చుకోవద్దు. నీళ్ళకని లేచిన పిల్లవాణ్ణి నేను ఈరోజుకీ ‘యాడికి నాయనా?’ అనే అడుగుతాను. మేడం మళ్ళీ పరిశీలనకు వచ్చేసరికి ఆ రెండు గడుల చార్టు మీ క్లాసు గోడ మీద ఉండేలా చూసుకోండి. ఇదేమిటని ఆమె అడిగితే మీరు చెప్పకండి, పిల్లల చేత చెప్పించండి.